కరపత్రం అబద్ధమే, కానీ అది ఎవరిది?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. సర్పంచ్ పదవి మహిళకు రిజర్వ్ కావడంతో మొన్న డిసెంబరు 14న జరిగిన ఎన్నికల్లో మా ఆవిడను ఉంగరం గుర్తు మీద నిలబెట్టాను. 11 ఓట్లతో ఓడిపోయాను. పోలింగ్‌కు ముందు రాత్రి ఊరి వాట్సాప్ గ్రూపులో 'ఉంగరం వాళ్లు పదిహేను లక్షలు తీసుకుని కాంప్రమైజ్ అయ్యారు, ఓటు వేస్ట్ చేసుకోకండి' అని ఎవరిదో వాయిస్ మెసేజ్ తిప్పారు. తెల్లారేసరికి ప్రతి గుమ్మం ముందూ ఒక కరపత్రం. మహిళా సంఘం లీడరుగా ఉండి మా ఆవిడ మూడు లక్షల బ్యాంకు లోను మింగేసిందని రాశారు. అంతా అబద్ధం. ఆవిడ తిండి మానేసి మంచం పట్టింది. ఆ గ్రూపు అడ్మిన్ గెలిచినావిడకు స్వయానా మరిది. మెసేజ్ పెట్టిన కుర్రాడు కూడా మాకు తెలుసు. వాణ్ణి పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి, గెలిచినవాళ్లే చేయించారని వంద రూపాయల బాండ్ పేపర్ మీద రాయించుకుంటే ఎన్నిక రద్దవుతుందా? లేక హైకోర్టుకే వెళ్లాలా? కోపంలో నేను గ్రూపులోంచి బయటికి వచ్చేశాను, చాట్ కూడా డిలీట్ చేశాను. స్క్రీన్‌షాట్, కరపత్రం ఫోటో పంపుతున్నాను. చెల్లని ఓట్లు 37 వచ్చాయి, మా ఏజెంటు సంతకం పెట్టి వచ్చేశాడు.

జవాబు: ముందు క్యాలెండర్ తీయండి. పంచాయతీ ఎన్నికను సవాలు చేసే పిటిషన్‌ను ఫలితం ప్రకటించిన రోజు నుంచి 30 రోజుల్లో వేయాలి. మీ ఊర్లో లెక్కింపు డిసెంబరు 14 సాయంత్రమే అయిపోయింది. ఆ రోజును కలిపి లెక్కపెడితే జనవరి 12, వదిలేసి లెక్కపెడితే 13. ఈ ఒక్క రోజు మీద వాదించే సరదా నాకు లేదు, మీకూ వద్దు. 11 ఆదివారం, 10 రెండో శనివారం. అంటే మీ చివరి రోజు 9వ తేదీ శుక్రవారం అనుకుని పని మొదలుపెట్టండి. ఆ తర్వాత సంక్రాంతి సెలవులు. కోర్టు తెరిచాక వేయొచ్చులే అని ఎవరైనా చెబితే వినకండి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 ఎన్నికల పిటిషన్లకు పనికిరాదని సుప్రీంకోర్టు 1974లోనే, హుకుమ్‌దేవ్ నారాయణ్ యాదవ్ కేసులో చెప్పింది. అది లోక్‌సభ ఎన్నిక కేసే కావచ్చు. మీ ఊరి కేసులో దాన్ని పక్కన పెట్టించగలమో లేదో మీ ఖర్చుతో తేల్చుకోవడం ఎందుకు?

రెండో సంగతి. మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో 'నేను ఓడిపోయాను' అని మూడుసార్లు రాశారు. ఓడిపోయింది మీరు కాదు, మీ ఆవిడ. నామినేషన్ ఆవిడది, పరువు ఆవిడది. పిటిషన్ మీద సంతకం పెట్టాల్సిందీ, రేపు సాక్షి బోనెక్కి అవతలి వకీలు ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిందీ ఆవిడే. సంఘం లెక్కల గురించి 'మా ఆయనకు తెలుసండీ' అని ఆవిడ ఒక్క మాట అంటే చాలు, కేసు సగం అక్కడే పోతుంది.

ఇక అసలు విషయం. కరపత్రం అబద్ధమా, దానివల్ల ఎంత బాధ కలిగింది అన్నదాని మీదే మీ ఉత్తరమంతా నడిచింది. అబద్ధమని నేనూ నమ్ముతాను. కోర్టు మాత్రం ఇంకో ప్రశ్న అడుగుతుంది: ఇది ఎవరు చేశారు, గెలిచిన అభ్యర్థి సమ్మతితో చేశారా? అభ్యర్థి వ్యక్తిగత శీలం గురించి గానీ, పోటీలోంచి తప్పుకున్నారని గానీ అబద్ధం ప్రచారం చేస్తే అది ఎన్నికల అక్రమమే. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(4)లో ఉన్నదీ, పంచాయతీ చట్టంలో ఉన్నదీ దాదాపు ఒకటే. కానీ ఆ పని అభ్యర్థి స్వయంగా చేసి ఉండాలి, లేదా ఆమె ఏజెంటు చేసి ఉండాలి, లేదా ఆమె సమ్మతితో మరొకరు చేసి ఉండాలి. ఊర్లో ఆమె అంటే ఇష్టమున్నవాడెవడో సొంతంగా చేశాడంటే, దానివల్లే ఫలితం తారుమారైందని అదనంగా రుజువు చేయాలి. ఫలానా 11 మంది ఆ కాగితం చదివే మనసు మార్చుకున్నారని ఎవరి చేత చెప్పిస్తారు? పైగా ఈ ఆరోపణలను కోర్టు క్రిమినల్ కేసును చూసినట్టే చూస్తుంది. అనుమానం మిగిలితే ఆ లాభం గెలిచినవారికే.

'అడ్మిన్ ఆమె మరిది' అన్నారు. చుట్టరికం సమ్మతి కాదు. గ్రూపులో ఎవరో పెట్టినదానికి అడ్మిన్‌ను నేరస్థుణ్ణి చేయలేమని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి. కానీ మీరు అడగని ప్రశ్న ఒకటుంది. పోలింగ్ రోజు బూత్‌లో ఆమె తరఫున ఏజెంటుగా కూర్చున్నది ఎవరు? ఆ మరిదేనా? పోలింగ్ ఏజెంటు కూడా చట్టం దృష్టిలో ఏజెంటే. నియామక ఫారం రిటర్నింగ్ అధికారి దగ్గర ఉంటుంది, సర్టిఫైడ్ కాపీకి రేపే దరఖాస్తు పెట్టండి. అందులో అతని పేరు ఉండి, కరపత్రాల కట్ట అతని చేతిలో చూసిన మనిషి ఒక్కరు దొరికితే, అప్పుడు మనం మాట్లాడుకోవడానికి కేసు ఉంటుంది.

మీ స్క్రీన్‌షాట్ చూశాను. పంపినవాడి పేరు దగ్గర 'కిరాణం తమ్ముడు' అని ఉంది. అది మీ ఫోన్‌లో మీరు సేవ్ చేసుకున్న పేరు, నంబరు ఎక్కడా కనబడటం లేదు. టైము రాత్రి 10:52 అని ఉంది, ఏ రాత్రో లేదు, ఎందుకంటే తేదీ ఉన్న పై ముక్కను మీరే కత్తిరించేశారు. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తుతో 'ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్' అని ఉంది. అంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చింది. ఆ కుర్రాడు పోస్ట్‌మ్యాన్, ఉత్తరం రాసినవాడు వేరే. మెసేజ్ గురించి మీరు పంపిన ఏకైక సాక్ష్యం మీ ముద్దాయినే సగం విడిపిస్తోంది! ఇక చాట్ డిలీట్ చేయడం... ఇంట్లో దొంగలు పడితే పోలీసులు రాకముందే గచ్చు కడిగినట్టుంది మీ పని. కోపం వస్తే ఫోన్ లోపల పెట్టి తాళం వేయాలి గానీ, సాక్ష్యాన్ని చెరపడమేంటి?

ఇది ఎంత ఖరీదైన పొరపాటో కేరళలో ఒకాయనకు తెలుసు. 2011 అసెంబ్లీ ఎన్నికల్లో ఎరనాడ్‌లో ఓడిపోయిన అన్వర్ కూడా మీలాగే కోర్టుకెళ్లారు. తనకు ఒక హత్యతో సంబంధం ఉందని కరపత్రం పంచారని, మైకుల్లో పాటలు, ప్రసంగాలు వేశారని ఆరోపణ. రికార్డు చేసిన వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, సీడీలుగా తీసి కోర్టుకిచ్చారు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఉండాల్సిన సర్టిఫికెట్ లేదని 2014లో సుప్రీంకోర్టు ఆ సీడీలను పక్కన పెట్టేసింది. ప్రచారంలో వాడిన అసలు సీడీలనే పోలీసుల ద్వారానో, ఎన్నికల సంఘం ద్వారానో పట్టించి తెచ్చి ఉంటే కోర్టులోనే వేసి వినేవాళ్లమని కూడా అంది. కరపత్రం సంగతీ అంతే, అది గెలిచిన అభ్యర్థి సమ్మతితో పంచారని రుజువు కాలేదు. అప్పీలు కొట్టేశారు.

ఇప్పుడు ఆ సర్టిఫికెట్ భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద వస్తుంది. దానికి రెండు భాగాలు. ఒకటి ఫోన్ యజమాని ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి, ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే కోడ్, కూడా అందులో రాయాలి. యజమానే ఆ అసలు ఫోన్‌ను కోర్టుకు తెచ్చి చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. అందుకని ఆ గ్రూపులో ఇంకా ఉన్నవాళ్లలో, మీ చుట్టం కానివాళ్లలో, సాక్ష్యం చెప్పడానికి వెనకాడని ఇద్దరిని వెతకండి. వాళ్ల ఫోన్‌లో ఆ మెసేజ్ అలాగే ఉండాలి. దాన్ని మీకు ఫార్వర్డ్ చేయమనకండి, ఫోన్ మార్చొద్దనీ, చాట్ క్లియర్ చేయొద్దనీ మాత్రం చెప్పండి.

కరపత్రం ఇంకొంచెం నయం. అది జిరాక్స్ కాగితం. కింద 'ఇట్లు, గ్రామ ప్రజలు' అని ఉంది. గ్రామ ప్రజల మీద ఎవరూ కేసు వేయలేరు గానీ, ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవారి పేరు, చిరునామా, వేయించినవారి పేరు ఉండి తీరాలి. చేత్తో రాసింది తప్ప ఎన్ని కాపీలు ఎలా తీసినా ఇదే నియమం. లేకపోవడమే ఒక నేరం. ఊరంతా పంచాలంటే వందల కాపీలు కావాలి, అన్ని కాపీలు ఇంట్లో తీయరు. మండల కేంద్రంలో డీటీపీ, జిరాక్స్ షాపులు ఎన్ని ఉంటాయి, నాలుగో ఐదో. ఆ శనివారం సాయంత్రం ఎవరు వచ్చారు, డబ్బు ఫోన్‌పే చేశారా అని పోలీసులు అడిగితే తేలుతుంది. మీరు వెళ్లి షాపువాడి మీద పడొద్దు. తెల్లవారుజామున పాలకేంద్రానికి వెళ్లేవాళ్లను మాత్రం మీరే అడగండి, పంచేవాణ్ణి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లలోనే ఉంటారు.

బాండ్ పేపర్ ఆలోచనను ఈ క్షణమే వదిలేయండి. ఎంతోమంది ఇలాగే మునిగారు. పదిమంది మధ్య కూర్చోబెట్టి రాయించిన కాగితానికి కోర్టులో చిల్లిగవ్వ విలువ ఉండదు. ఆ కుర్రాడు బోనెక్కి 'కొడతారని భయపడి సంతకం పెట్టాను' అంటాడు. ఆ మర్నాడే మీ మీద అక్రమంగా నిర్బంధించారని, బెదిరించారని ఎఫ్‌ఐఆర్. కోర్టులో వాడటానికి దొంగ సాక్ష్యం తయారుచేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. ఈ రోజు మీరు బాధితులు, ఆ కాగితం పుట్టిన రోజు మీరే ముద్దాయి. అసలు మెసేజ్ తనకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ కుర్రాడు తనంతట తాను చెబుతానంటే మంచిదే. మీ వకీలుతో చెప్పమనండి, పిటిషన్‌కు కోర్టు నంబరు పడ్డాక సాక్షిగా సమన్లు వేయిద్దాం.

హైకోర్టు అన్నారు. రాజ్యాంగం 243-ఓ అధికరణం ప్రకారం పంచాయతీ ఎన్నికను ఎలక్షన్ పిటిషన్ ద్వారా తప్ప ప్రశ్నించకూడదు. హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి, అది తేలేలోపు 30 రోజులు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఎలక్షన్ పిటిషన్ వినే ట్రిబ్యునల్ అంటే మీ ఊరు ఏ జూనియర్ సివిల్ జడ్జి పరిధిలోకి వస్తే ఆ కోర్టే, పాతవాళ్లు మున్సిఫ్ కోర్టు అనేది. పిటిషన్‌తో పాటు రూల్స్‌లో చెప్పిన డిపాజిట్ రసీదు ఉండాలి. గెలిచినావిడతో పాటు పోటీ చేసిన మిగతా అభ్యర్థులందరినీ పార్టీలుగా చేర్చండి. మా ఆవిడే గెలిచినట్టు ప్రకటించండి అని అడుగుతూ ఒక్కరిని వదిలేసినా ముప్పే. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరి గుమ్మం ముందు అన్నది వాక్యం వాక్యంగా రాయాలి. 'కుట్రపూరితంగా దుష్ప్రచారం చేశారు' అనే పత్రికల భాష పిటిషన్‌లో పనికిరాదు.

మీ ఉత్తరం చివర్లో మీరు లెక్కలేనట్టు వదిలేసిన వాక్యం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. తేడా 11, చెల్లని ఓట్లు 37! కరపత్రం కంటే బలమైన కారణం ఇక్కడ ఉండొచ్చు. చెల్లాల్సిన ఓట్లను చెల్లవని పక్కన పెట్టారా? మీ ఏజెంటు ఏ టేబుల్ దగ్గర ఏం చూశాడు, ఉంగరం మీద ముద్ర స్పష్టంగా ఉన్నా గీత దాటిందని తీసేసినవి ఎన్ని, రీకౌంటింగ్ కావాలని అప్పుడే కాగితం ఇచ్చారా? ఇవ్వలేదని మీ ఉత్తరం వాలకం చెబుతోంది. అయినా అతను చూసింది చూసినట్టు మర్చిపోకముందే రాయించండి. తేడా తక్కువ అన్నంత మాత్రాన ఏ జడ్జీ బ్యాలెట్ పెట్టె తెరిపించరు, వివరం కావాలి. ఈ కారణాన్ని మొదటి పిటిషన్‌లోనే పెట్టాలి, గడువు దాటాక కొత్త కారణం చేర్చనివ్వరు.

ఆవిడ పరువు సంగతి ఎన్నిక కేసుతో ముడిపెట్టకండి. దానికి వేరే గడువులు ఉన్నాయి. అభ్యర్థి శీలం గురించి ఎన్నికల్లో అబద్ధం ప్రచారం చేయడం న్యాయ సంహిత సెక్షన్ 175 కింద నేరం, శిక్ష జరిమానా మాత్రమే, కాబట్టి ఆరు నెలల్లో కోర్టుకెక్కాలి. పోలీసులు నేరుగా కేసు కట్టలేరు, మెజిస్ట్రేట్ అనుమతితో దర్యాప్తు చేయించాలి. జిరాక్స్ షాపు తలుపు, ఆ వాయిస్ ఎవరిదన్న ప్రశ్న తెరుచుకునేది ఆ దర్యాప్తులోనే. సెక్షన్ 356 కింద వచ్చే పరువు నష్టం నేరానికి కోర్టుకెక్కడానికి మూడేళ్ల గడువు ఉంది, ఆ ఫిర్యాదును ఆవిడే మెజిస్ట్రేట్ దగ్గర వేయాలి. నష్టపరిహారం దావాకు మాత్రం ఏడాదే.

ఈ అన్నిటికీ కావాల్సిన కాగితం ఒకటి మీ దగ్గర లేదు. మూడు లక్షలు మింగలేదని చూపించే కాగితం. సంఘం లోను ఖాతా స్టేట్‌మెంట్ బ్యాంకు మేనేజర్ ముద్రతో తీసుకోండి, బాకీ తీరి ఉంటే నో డ్యూ లెటర్ కూడా. సంఘం తీర్మానాల పుస్తకంలో ఆ లోను ఎవరెవరికి ఎంత పంచారో సంతకాలతో ఉన్న పేజీలు ఉంటాయి, వాటి నకళ్లు తీయించండి. పుస్తకం ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి, గెలిచినవాళ్ల వైపు సభ్యురాలి ఇంట్లో ఉంటే ఇంకా త్వరపడండి.

ఈ కాగితాలతో సోమవారం మీ తాలూకా కోర్టులో సివిల్ కేసులు చేసే వకీలును కలవండి. మీరొక్కరే కాదు, ఆవిడను వెంటబెట్టుకుని. వకాలతు మీద సంతకం ఆవిడది కావాలి.