రాష్ట్రపతి ప్రసంగం పాఠమా? వీడియో పెట్టి ఊరుకోకండి

ఏటా పార్లమెంటు తొలి సమావేశంలో ఎంపీల ముందు రాష్ట్రపతి చదివే ప్రసంగం గురించి ఎనిమిదో తరగతికి చెప్పాలి, యూట్యూబ్ వీడియో పెడితే సరిపోతుందా అని ఒకరు అడిగారు. సరిపోదండీ, నేను పెట్టి చూశాను. హనుమకొండ దగ్గర ఒక బడిలో సోషల్ చెప్తాను. మొదటి ఏడాది ప్రొజెక్టర్ మోసుకొచ్చి మరీ మొత్తం ప్రసంగం పెడితే, అదేమో హిందీలో, పది నిమిషాలకే వెనక బెంచీ వాళ్లు పడుకున్నారు, ముందు బెంచీ వాళ్లు ఎంపీలు బల్లలు ఎన్నిసార్లు చరిచారో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. మర్నాడు అడిగితే ఆ లెక్కొక్కటే గుర్తుంది.

ఇప్పుడు రెండు నిమిషాలే వినిపిస్తా. 'మేరీ సర్కార్' అన్న మాట దగ్గర ఆపి, నా ప్రభుత్వం అంటున్నారు కదా, మరి ఈ ప్రసంగం ఎవరు రాసుంటారు అని అడుగుతా. అందరూ రాష్ట్రపతే అంటారు. కాదు, అది కేబినెట్ ఒప్పుకున్న కాగితం, ప్రభుత్వం ఏం చేసింది, ఏం చేయబోతోంది అన్నది అందులో ఉంటుంది అని చెప్పగానే పోయినేడు ఒక పిల్ల లేచి, "సార్, వేరేటోళ్లు రాసిచ్చింది ఈమెందుకు చదవాలె?" అంది. ఆ ప్రశ్న వచ్చిందంటే సగం పాఠం అయిపోయినట్టే. అప్పుడు మన వంగర పీవీని, అదే మాజీ ప్రధాని పీవీ నరసింహారావును తెస్తా. 1993 నుంచి 1996 దాకా ఏటా ప్రసంగం చదివింది అప్పటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ, అందులో చెప్పింది మాత్రం పీవీ ప్రభుత్వం మాట. ఇలా చెప్తే వెంటనే ఎక్కుతుంది.

తర్వాత ఆట. నలుగురు 'మంత్రులు' బడి గురించి ఒక పేజీ ప్రసంగం రాస్తారు, 'రాష్ట్రపతి' చదువుతుంది. మావాళ్లు "నా ప్రభుత్వం రుచికరమైన మధ్యాహ్న భోజనం పెడుతోంది" అని రాసిచ్చారు. ఆ పిల్ల అక్కడ ఆగి నా వైపు చూసి, "ఇది కూడా చదవాల్నా సార్?" అంది. చదవాలమ్మా అన్నా. క్లాసంతా ఒకటే నవ్వు.

అసలు మజా ధన్యవాద తీర్మానంలో, అంటే ప్రసంగానికి కృతజ్ఞతలు చెప్తూ సభలో పెట్టే తీర్మానంలో ఉంది. పార్లమెంటులో ప్రతిపక్షం ఇచ్చే సవరణలకు ఒక మూస ఉంటుంది: ప్రసంగంలో ఫలానా విషయం లేకపోవడం విచారకరం అని. అది బోర్డు మీద రాసి వదిలేయండి చాలు. "ఆడపిల్లల బాత్రూమ్ తలుపుకు గడియ లేదన్న సంగతి ప్రసంగంలో లేకపోవడం విచారకరం" అని ఒకమ్మాయి రాసింది, ఓటింగ్ పెడితే మంత్రుల్లో ఇద్దరు కూడా దానికి మద్దతుగా చేతులెత్తారు. 2015లో, 2016లో రాజ్యసభలో నిజంగానే ఇలా సవరణలు నెగ్గాయని అప్పుడు చెప్పా. ప్రభుత్వం పడిపోలేదా సార్ అన్నారు. రాజ్యసభ కాబట్టి పడదు, అదే లోక్‌సభలో తీర్మానం ఓడితే దిగిపోవాల్సిందే.

ఆర్టికల్ నంబర్లు చివర్లో చెప్పండి. 87 రాష్ట్రపతికి, 176 గవర్నర్‌కు. మొదట్లో ప్రతి సమావేశానికీ ప్రసంగం ఉండేది, 1951లో రాజ్యాంగ మొదటి సవరణతో ఏడాదిలో తొలి సమావేశానికి, సాధారణ ఎన్నికల తర్వాత తొలి సమావేశానికి అని మార్చారు. 2022లో మన తెలంగాణ అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలు గవర్నర్ ప్రసంగం లేకుండానే మొదలయ్యాయి. పాత సమావేశాన్ని ప్రోరోగ్ చేయలేదు, అంటే అధికారికంగా ముగించలేదు, ఇది దానికి కొనసాగింపే అన్నది ప్రభుత్వం వాదన. తొలి సమావేశం అన్న ఒక్క మాట మీద ఎంత నడుస్తుందో పిల్లలకు తెలుస్తుంది.

అమెరికాతో పోల్చమని ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడ అధ్యక్షుడే ప్రభుత్వాధినేత, తన మాటే తను చెప్పుకుంటాడు. అధ్యక్షుడు జెఫర్సన్ 1801లో ఆ ప్రసంగాన్ని రాతపూర్వకంగా పంపేశాడు, 1913లో అధ్యక్షుడు విల్సన్ మళ్లీ స్వయంగా వెళ్లి చదివాడు. ఇక్కడికి ఆపేయండి, ఎక్కువ లాగితే రెండూ కలిపేసి పరీక్షలో రాస్తారు.

మొత్తానికి రెండు పీరియడ్లు పడుతుంది. రెండోది పీఈటీ సార్‌ను ముందే అడిగి పెట్టుకోండి, ఆ రోజు పొద్దున అడిగితే ఇవ్వరు.