స్కైరిమ్: లెవెల్ పెరిగినా బలం పెరగకపోతే? (మీ ప్రశ్నలు – మా జవాబులు)

2011లో వచ్చిన స్కైరిమ్ అనే వీడియో గేమ్ మీద ఇప్పటికీ ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. ఈసారి స్కిల్స్ (విద్యలు), పెర్కుల (లెవెల్ పెరిగినప్పుడు ఆ విద్యల్లో ఎంచుకునే అదనపు బలాలు) గురించి అడిగినవాటికి జవాబులు ఇస్తున్నాం. ఇవన్నీ మోడ్లు (ఆటగాళ్లు తయారుచేసిన మార్పులు) వేయని మామూలు ఆటకు వర్తిస్తాయి.

ప్రశ్న: నా క్యారెక్టర్ 26వ లెవెల్లో ఉంది. స్మితింగ్ (కమ్మరం), ఎన్‌చాంటింగ్ (వస్తువులకి మంత్రం ఎక్కించడం) రెండూ 100కి తెచ్చాను. వన్ హ్యాండెడ్ (ఒంటిచేత్తో వాడే ఆయుధాల విద్య) మాత్రం 31 దగ్గరే ఆగింది. ఇప్పుడు దారిలో ఎదురయ్యే బందిపోట్లు కూడా నన్ను నాలుగు దెబ్బల్లో పడగొడుతున్నారు. ఎక్కడ తేడా కొట్టింది?

జవాబు: ఈ ఆటలో లెవెల్ పెరిగేది శత్రువుల్ని చంపినందుకు కాదు, స్కిల్ పెరిగినందుకు. ఏ స్కిల్ అయినా 40కి చేరితే 40 పాయింట్లు, 90కి చేరితే 90 పాయింట్లు మీ లెవెల్ ఖాతాలో పడతాయి. తర్వాతి లెవెల్‌కి కావలసింది ఎంతంటే, ఇప్పటి లెవెల్‌ని 25తో హెచ్చించి 75 కలపాలి. మొదటి లెవెల్ నుంచి రెండోదానికి 100, పదో లెవెల్ నుంచి పదకొండుకు 325.

ఈ లెక్కన స్మితింగ్ ఒక్కటే 15 నుంచి 100కి తెస్తే 4,930 పాయింట్లు వస్తాయి. అంటే కత్తి ఒక్కసారి కూడా దూయకుండా 17వ లెవెల్‌కి చేరతారు. ఎన్‌చాంటింగ్ కూడా కలిపితే 25 అవుతుంది. బందిపోట్లు, డ్రాగర్లు (సమాధుల్లోంచి లేచే శవాలు), డ్రాగన్లు మీ లెవెల్ చూసే ముదురుతారు. మీ కత్తి ఎంత పదునుగా ఉందో, ఆ చేతికి ఎంత అలవాటుందో వాళ్లకి పట్టదు. మీ ఇబ్బంది అంతా ఇక్కడే ఉంది.

అయినా ఆట మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు, ఎందుకంటే మందు మీ చేతిలోనే ఉంది. స్మితింగ్ 100 ఉన్నవాళ్లు చేసిన ఆయుధాన్ని అలాగే వాడకూడదు. కత్తిని సానరాయి మీద, కవచాన్ని వర్క్‌బెంచ్ మీద మెరుగుపెట్టాలి. ఆ లోహానికి సంబంధించిన పెర్క్ ఉంటే మెరుగు రెట్టింపు పడుతుంది. ముందుగా ఫోర్టిఫై స్మితింగ్ (స్మితింగ్‌ని పెంచే మంత్రం) ఉన్న ఉంగరం, గొలుసు, గ్లవ్స్, కవచం తొడుక్కుని, అదే రకం పోషన్ తాగి, అప్పుడు బెంచ్ దగ్గర నిలబడండి. ఇప్పటికే మంత్రం ఎక్కించిన వస్తువైతే ఆర్కేన్ బ్లాక్‌స్మిత్ పెర్క్ లేకుండా మెరుగుపెట్టడం కుదరదు. దానికి స్మితింగ్ 60 ఉంటే చాలు, మీకు అందుబాటులోనే ఉంది.

కవచం విషయంలో ఒక అంకె గుర్తుపెట్టుకోండి: 567. తల, ఒళ్లు, చేతులు, కాళ్లు నాలుగూ కప్పుకున్నాక మెనూలో ఆర్మర్ రేటింగ్ 567 చేరితే, ఆయుధాల దెబ్బలో 80 శాతం తగ్గిపోతుంది. అంతకుమించి ఎంత పెంచినా దండగే. డాలు కూడా పట్టుకుంటే 542 చాలు.

ఇక వన్ హ్యాండెడ్. ఆర్మ్స్‌మన్ పెర్క్ ఒక్కో మెట్టుకి దెబ్బ 20 శాతం పెరుగుతుంది, కానీ మూడో మెట్టుకి స్కిల్ 40 ఉండాలి. శిక్షకుల దగ్గర ఒక్కో లెవెల్‌లో ఐదు పాఠాలు కొనుక్కోవచ్చు. వైట్‌రన్ నగరంలో ఆమ్రెన్ 50 దాకా నేర్పుతాడు, అక్కడి కంపానియన్స్ అనే యోధుల బృందంలో చేరితే ఆథిస్ 75 దాకా నేర్పుతాడు. రివర్‌వుడ్ దారిలో ఉన్న మూడు గార్డియన్ రాళ్లలో వారియర్ రాయిని తాకి వెళ్తే కత్తి విద్య 20 శాతం వేగంగా పెరుగుతుంది. కొత్తగా వచ్చే పెర్కులన్నీ కొన్నాళ్లు కత్తికి, కవచానికే పెట్టండి. మరీ కష్టంగా ఉంటే డిఫికల్టీని (ఆట కష్టం స్థాయిని) మామూలు స్థాయి అయిన అడెప్ట్‌కి దించండి. అన్నిటికన్నా కష్టమైన లెజెండరీలో మీ దెబ్బ నాలుగో వంతే తగులుతుంది, మీకు తగిలేది మూడింతలు. దించినందుకు ఆట ఏమీ కోసుకోదు.

ప్రశ్న: లెవెల్ పెరిగినప్పుడల్లా హెల్త్ (ప్రాణం), మేజికా (మంత్రశక్తి), స్టామినాల్లో (ఒంటి సత్తువ) ఏది తీసుకోవాలి? నేను మూడూ సమానంగా పెంచుతున్నాను.

జవాబు: సమానంగా పంచితే ఎందులోనూ బలం ఉండదు. కత్తితో ఆడేవాళ్లు రెండుసార్లు హెల్త్, ఒకసారి స్టామినా తీసుకోండి. స్టామినా పది పెరిగితే మోయగలిగే బరువు కూడా ఐదు పెరుగుతుంది. మంత్రగాళ్లు మేజికాని 250 దగ్గర ఆపి, ఆపైన హెల్త్‌కి మళ్లితే మంచిది. మేజికా ఖర్చుని ఎన్‌చాంటింగ్‌తో తగ్గించుకోవచ్చు, డ్రాగన్ నోట్లో పడినప్పుడు కాపాడేది మాత్రం హెల్తే.

ఇంకో సంగతి. లెవెల్ పెరిగిందని తెరమీద కనిపించగానే స్కిల్స్ మెనూ తెరవక్కర్లేదు. తెరిచి హెల్త్‌నో మేజికానో ఎంచుకున్న క్షణాన మూడూ నిండిపోతాయి. గట్టి యుద్ధం ముందుందని తెలిస్తే దాన్ని అట్టేపెట్టుకోండి. పెర్క్ పాయింట్ కూడా వెంటనే వాడాలనేం లేదు.

ప్రశ్న: డిస్ట్రక్షన్ (నిప్పు, మంచు, మెరుపులతో దాడి చేసే మంత్ర విద్య) 80 దాటింది. అయినా నిప్పుల మంత్రం ఇరవయ్యో లెవెల్లో ఉన్నంత దెబ్బే కొడుతోంది. బగ్గా?

జవాబు: బగ్ కాదు, ఆట కట్టిన తీరే అది. డిస్ట్రక్షన్ స్కిల్ పెరిగితే మంత్రం ఖర్చు తగ్గుతుంది గానీ దెబ్బ పెరగదు. దెబ్బ పెంచేవి ముఖ్యంగా రెండు. ఒకటి, ఆగ్మెంటెడ్ ఫ్లేమ్స్ లాంటి పెర్కులు: మొదటి మెట్టుకి 25, రెండో మెట్టుకి 50 శాతం. రెండోది, ఫోర్టిఫై డిస్ట్రక్షన్ పోషన్. ఇదే పేరుతో బట్టలకి ఎక్కించే ఎన్‌చాంట్‌మెంట్ మాత్రం ఖర్చు మాత్రమే తగ్గిస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే.

పై లెవెళ్లలో మంత్రగాడిని నిలబెట్టేది ఇంపాక్ట్ పెర్క్. స్కిల్ 40 కావాలి, దానికి ముందు డ్యూయల్ కాస్టింగ్ తీసుకుని ఉండాలి. రెండు చేతులతో ఒకే మంత్రం కలిపి వదిలితే ఎదుటివాడు తూలిపోతాడు, డ్రాగన్ కూడా. వాడు తేరుకునేలోపు మళ్లీ వదలండి. ఈ పద్ధతి మేజికాని తాగేస్తుంది. అందుకే ఎన్‌చాంటింగ్ 100కి తెచ్చి, ఎన్‌చాంటర్ పెర్క్ ఐదు మెట్లూ, ఇన్‌సైట్‌ఫుల్ ఎన్‌చాంటర్ పెర్కూ తీసుకుని, నిండిన గ్రాండ్ సోల్ జెమ్‌తో (ఆత్మని బంధించిన పెద్ద రత్నం) తల, ఒళ్లు, ఉంగరం, గొలుసు నాలుగింటికీ ఫోర్టిఫై డిస్ట్రక్షన్ 25 శాతం చొప్పున ఎక్కించండి. ఖర్చు సున్నా అవుతుంది. డ్రాగర్ల మీద మంచు మంత్రాలు వాడకండి. వాళ్లు సగం తట్టుకుంటారు, నిప్పే వాడండి.

ప్రశ్న: ఇనప బాకులు వందలకొద్దీ చేస్తే స్మితింగ్ త్వరగా పెరుగుతుందా?

జవాబు: మొదట్లో పెరిగేది. తర్వాతి ప్యాచ్‌లో వస్తువు విలువని బట్టి అనుభవం వచ్చేలా మార్చారు. ఇప్పుడు డ్వార్వెన్ విల్లు మేలు: రెండు డ్వార్వెన్ మెటల్ ఇంగాట్లు (లోహపు కడ్డీలు), ఒక ఇనప ఇంగాట్ పడతాయి. స్మితింగ్ 30 దగ్గర డ్వార్వెన్ పెర్క్ తీసుకోవాలి. లేదంటే వైట్‌రన్‌కి ఉత్తరాన హాల్టెడ్ స్ట్రీమ్ క్యాంపులో ట్రాన్స్‌మ్యూట్ మంత్రం పుస్తకం దొరుకుతుంది. ఇనప ఖనిజాన్ని వెండిగా, వెండిని బంగారంగా మార్చి ఉంగరాలు చేయండి. ఖనిజంగా ఉండగానే మార్చాలి, కరిగించి ఇంగాట్ చేశాక మంత్రం పనిచేయదు. పై మొదటి ప్రశ్న చదివారుగా, పక్కన ఆయుధం స్కిల్ కూడా పెంచుకుంటూ చేయండి.

ప్రశ్న: లాక్‌పికింగ్‌లో (తాళాలు తెరిచే విద్య) ఐదు పెర్కులు పెట్టేశాను. వెనక్కి తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు. ఆ స్కిల్ 100కి చేరాక స్కిల్స్ మెనూలో దాన్ని 'లెజెండరీ' చేస్తే (ఇది డిఫికల్టీ పేరు కాదు) అది 15కి పడిపోయి, అందులో పెట్టిన పెర్కులన్నీ తిరిగొస్తాయి. డ్రాగన్‌బార్న్ అనే అదనపు భాగం ఉంటే 100 దాకా ఆగక్కర్లేదు. దాని ప్రధాన కథ పూర్తిచేశాక వేకింగ్ డ్రీమ్స్ అనే నల్ల పుస్తకం తెరిస్తే, ఒక డ్రాగన్ ఆత్మ ఖర్చుపెట్టి ఒక స్కిల్ పెర్కుల్ని వెనక్కి తీసుకోవచ్చు. ఈ పద్ధతిలో స్కిల్ తగ్గదు. అసలు లాక్‌పికింగ్‌కి పెర్కులు వద్దనే చెప్తాం. ఈ ఆటలో మాస్టర్ తాళాన్ని కూడా ఒక్క పెర్క్ లేకుండా తెరవొచ్చు. పిక్‌ని (తాళం తీసే సన్నని కడ్డీ) కొంచెం కొంచెంగా జరుపుతూ, తాళం వణకగానే చెయ్యి వదిలేయండి. పిక్కులు ఓ ముప్పై దగ్గరుంచుకుంటే సరిపోతుంది.