కుక్కపిల్ల వైద్యానికి డబ్బు ఎలా అడగాలి?

ప్రశ్న: రోడ్డు పక్కన దొరికిన కుక్కపిల్లకి పార్వో (కుక్కల పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) అని తేలింది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కుతోంది. ఖర్చు నా తాహతుకి మించుతోంది. నలుగురినీ అడుగుదామంటే మోసం అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయను?

జవాబు: మొహమాటపడుతూ కూర్చుంటే పార్వో ఆగదు. వాంతులు, రక్త విరేచనాలతో ఒంట్లో నీరంతా పోతుంది, అసలు ప్రమాదం అక్కడే. సెలైన్ మధ్యలో ఆపకూడదు. సాధారణంగా 5 నుంచి 7 రోజులు పట్టొచ్చు కాబట్టి ఇవాళే అడగండి.

ముందు డాక్టర్‌తో రోజువారీ ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకోండి. కన్నీళ్లు తెప్పించే ఫొటోలు నాకైతే నచ్చవు. ముందుకాలికి సూది, దాని మీద కట్టు, పక్కన ఆ రోజు బిల్లు కనిపిస్తే చాలు. డబ్బు మీ ఖాతాకి కాకుండా నేరుగా ఆస్పత్రికే కట్టమనండి, సగం అనుమానాలు పోతాయి. మిగిలితే దేనికి వాడతారో, కూన దక్కకపోతే ఏం చేస్తారో కూడా ముందే చెప్పేయండి. ఈ రెండో మాట చాలామంది దాటేస్తారు, గొడవలన్నీ అక్కడే.

అన్నట్టు, ఇంట్లో వేరే కుక్కలుంటే వాటి టీకాలు చూసుకోండి. ఈ వైరస్ మామూలు సబ్బుకి లొంగదు, నేలని బ్లీచ్ నీళ్లతో కడగాలి.