ఏడు సంఘాల స్టడీ టూర్‌కి అమ్మను తీసుకెళ్ళాలా?

బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో ప్రభువు ఏడు ఊళ్ళ క్రైస్తవ సంఘాలకు లేఖలు రాయిస్తాడు కదా, మీ సంఘం వాళ్ళు టర్కీలో ఉన్న ఆ చోట్లకు స్టడీ టూర్ వేస్తున్నారని, అరవై దాటిన అమ్మను తీసుకెళ్ళాలా వద్దా అని అడిగారు. "యెరూషలేము అయితే సరే, టర్కీలో రాళ్ళు తప్ప ఏముంది" అని చుట్టాలు అంటున్నారట.

తప్పకుండా తీసుకెళ్ళండి. కాకపోతే బయల్దేరేలోపు ఇద్దరూ కూర్చుని ప్రకటన రెండు, మూడు అధ్యాయాలు నాలుగైదు సార్లు చదవండి. చదవకుండా వెళ్తే మీ చుట్టాలు అన్నట్టే అవుతుంది.

మేము 2019 ఏప్రిల్‌లో వెళ్ళాం, ఇరవై రెండు మందిమి. నేను పదిహేనేళ్ళుగా సండే స్కూల్ చెబుతున్నాను. లవొదికయ సంఘానికి రాసిన మాటల్లో "నీవు చల్లగానైనను వెచ్చగానైనను ఉండిన మేలు" అని, నులివెచ్చగా ఉన్నావు కాబట్టి నోట్లోంచి ఉమ్మేస్తానని ఉంటుంది కదా. వెచ్చన అంటే భక్తిలో మండేవాడు, చల్లన అంటే విశ్వాసం చల్లారినవాడు అని నేను విన్నదే పిల్లలకు చెప్పేదాన్ని. అలాగైతే ప్రభువు చల్లగా ఉన్నా మేలే అని ఎందుకన్నాడు టీచర్ అని ఒకసారి ఒక బాబు అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

లవొదికయ దిబ్బ మీద నిలబడితే లోయకు అవతల హియెరాపొలి తెల్లటి కొండ కనిపిస్తుంది. అదే ఇప్పటి పముక్కలె. అక్కడ వేడినీటి ఊటలు, పూర్వం రోగులు వచ్చి స్నానం చేసేవాళ్ళు. ఇంకోవైపు కొలొస్సయి, అక్కడ కొండ మీంచి దిగే చల్లటి వాగులు. లవొదికయకు మాత్రం దక్షిణాన కొన్ని కిలోమీటర్ల దూరంలోని ఊటల నుంచి గొట్టాల్లో నీళ్ళు రావాలి. ఆ గొట్టాలు ఇప్పటికీ పడి ఉన్నాయి. పగిలిన ఒకదాని ముందు కూర్చుని చూశాను. లోపల సున్నం పొర మీద పొర కట్టి, నీళ్ళు పోయే దారి ఇరుకైపోయింది. మా పల్నాడులో బోరు నీళ్ళు కాచే గిన్నెకి పట్టే తెల్ల పెచ్చు అచ్చం ఇలాగే ఉంటుంది. వేడినీళ్ళు ఒళ్ళు నొప్పులకు పనికొస్తాయి, చల్లటి నీళ్ళు దాహానికి పనికొస్తాయి. గొట్టాల్లో వచ్చే ఈ నులివెచ్చటి నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉమ్మేయాలనిపిస్తుంది. ఈ అర్థం విషయంలో పండితులందరూ ఒక్కమాట మీద లేరని మాకు పాఠం చెప్పిన పాస్టరు గారే అన్నారు. నాకు మాత్రం ఆ బాబుకి చెప్పాల్సిన జవాబు అక్కడ దొరికింది.

క్రీ.శ. 60లో భూకంపం వచ్చి ఊరు కూలితే, రోమ్ సాయం లేకుండా సొంత డబ్బుతోనే కట్టుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. "నాకేమియు కొదువలేదు" అని ఆ సంఘం అనుకుంటోందన్న లేఖలోని మాట ఆ వీధిలో చదివితే ఒళ్ళు జలదరించింది. మన బైబిల్లో "కన్నులకు కాటుక" అని ఉంటుంది చూడండి, నేను దాన్ని అలంకారం అనుకునేదాన్ని. మూలంలో ఉన్న మాట కంటికి రాసే మందు పేరు. ఆ ప్రాంతంలో వైద్యం నేర్పే చోటు ఉండేదట.

ఎఫెసు చాలా పెద్దది, జనం కూడా ఎక్కువ. "ఎఫెసీయుల అర్తెమిదేవి మహాదేవి" అని అపొస్తలుడైన పౌలు బోధకు ఎదురుతిరిగిన జనం రెండు గంటలు కేకలు వేసిన నాటకశాల అలాగే ఉంది, సుమారు ఇరవై అయిదు వేల మంది పడతారు. అమ్మను పై గేటు నుంచి కిందికి దిగేలా తీసుకెళ్ళండి, అంతా దిగుడే. కానీ పాలరాతి దారి నున్నగా అరిగిపోయి జారుతుంది, పట్టు ఉన్న బూట్లు వేయించండి. చెప్పులు వద్దు. తుయతైర ఊరి మధ్యలో చిన్న స్థలం, అరగంట చాలు. సార్దీస్ మాకు దక్కలేదనే చెప్పాలి. మా ట్రావెల్స్ వాళ్ళు తోలు బట్టల షాపులో గంటన్నర ఆపేసి, సార్దీస్‌లో ఇరవై నిమిషాలే ఇచ్చారు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఫిలదెల్ఫియలో చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు, తర్వాతి కాలంలో కట్టిన ఒక చర్చి తాలూకు లావుపాటి స్తంభాలు తప్ప. పూర్వం ఆ ఊరివాళ్ళు భూకంపాలకు భయపడి చాలామంది ఊరి బయటే ఉండేవాళ్ళట. అలాంటి వాళ్ళకు "స్తంభముగా చేసెదను, ఎన్నటికిని వెలుపలికి పోడు" అని ప్రభువు మాట ఇచ్చాడు. మాతో వచ్చిన డెబ్బై ఏళ్ళ పెద్దమ్మ గారు స్తంభానికి చెయ్యి ఆనించి ఆ వచనం చూడకుండా చెప్పారు. భర్త పోయాక మూడిళ్ళు మారారు ఆవిడ. కాసేపు ఎవరమూ కదల్లేదు.

ప్రోగ్రాం కాగితం చేతికి రాగానే చూడండి. లవొదికయకు అరపూట అయినా లేకపోతే, షాపింగ్ తీసేసి దానికి టైమ్ ఇవ్వమని ఇప్పుడే అడగండి, బస్సెక్కాక ఎవరూ మార్చరు. యోహానుకు ప్రకటన దర్శనం కలిగిన పత్మాసు కూడా ఉంటే అది గ్రీసు ద్వీపం, షెంగెన్ వీసా విడిగా కావాలి, ముందే తేల్చుకోండి.