గ్యాస్ అయిపోయిందంటే వెంటనే ఒప్పుకోకండి

జూన్ మొదలైతే డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, ఏసీ నడుస్తుంది గని సల్లగ వస్తలేదు. గ్యాస్ అయిపోయిందంటవా?" అడిగేది దేవరకొండ తమ్ముడైనా వనపర్తి చెల్లె అయినా మాట మాత్రం అదే. ఊళ్లో ఏసీ చెడిపోతే మెకానిక్ మొదట చెప్పేది, మనం మొదట నమ్మేది గ్యాస్ సంగతే. ఆ నమ్మకం మనతో పాటే విమానమెక్కి ఇక్కడికి కూడా వచ్చింది.

గ్యాస్ అనేది స్కూటర్‌లో పెట్రోల్ లాగా వాడేకొద్దీ అయిపోయేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో తిరుగుతూ, ఇంట్లో వేడిని బయట పారేసి మళ్లీ వెనక్కి వస్తుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. కానీ చల్లదనం తగ్గడానికి అంతకంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. గాలి సరిగ్గా ఆడుతోందా, నీళ్లు పోతున్నాయా, కరెంటు అందుతోందా. ఈ మూడూ మీరే చూసుకోవచ్చు. గ్యాస్ చివరి అనుమానం.

కొత్తగా వచ్చినవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది, ఇక్కడి ఏసీ మన గదిలో గోడకు తగిలించే స్ప్లిట్ కాదు. ఇల్లంతటికీ ఒకటో రెండో ఉంటాయి. లోపలి యూనిట్ టెక్సస్ ఇళ్లలో ఎక్కువగా యాటిక్‌లో, అంటే పైకప్పు కింది అటకలో ఉంటుంది. అక్కడి నుంచి డక్టులనే పెద్ద గాలి గొట్టాల ద్వారా గదుల్లోని వెంట్లకు గాలి వస్తుంది, రిటర్న్ జాలీ గుండా వెనక్కి పోతుంది. చేతిలో రిమోట్ ఉండదు, గోడకు థర్మోస్టాట్ ఉంటుంది. సగం ఫోన్లకు జవాబు ఆ థర్మోస్టాట్ దగ్గరే దొరుకుతుంది. అందులో ఫ్యాన్‌కు 'ఆటో', 'ఆన్' అని రెండుంటాయి. ఎవరో ఆన్‌లో పెట్టి మరిచిపోతారు. అప్పుడు బయట కంప్రెసర్ ఆగినా లోపల ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. చల్లగా లేని తేమగాలి వస్తుంటే ఏసీ పోయిందనుకుంటాం. ఆటోలో పెట్టండి. స్క్రీన్ మీద ఏమీ కనిపించకపోతే బ్యాటరీలు మార్చి చూడండి. ఇంకో అలవాటు, ఇల్లు త్వరగా చల్లబడాలని 68 ఫారెన్‌హీట్‌కు దించడం. మామూలు ఏసీ 68 పెట్టినా 76 పెట్టినా ఒకే జోరుతో పనిచేస్తుంది, ఎంతసేపు నడవాలన్నదే మారుతుంది. ఊళ్లో 24 పెట్టుకునేవాళ్లకు ఇక్కడ లెక్క 75. బయట 105 ఉన్న రోజు ఇంట్లో 76, 77 ఉంటే మీ ఏసీ బాగానే ఉన్నట్టు.

పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి వంటింట్లో వాడే థర్మామీటర్ చాలు. రిటర్న్ జాలీ దగ్గర ఒకసారి, యూనిట్‌కు దగ్గరగా ఉన్న వెంట్ దగ్గర ఒకసారి పెట్టి చూడండి. పదిహేను నిమిషాలు నడిచాక రెంటికీ తేడా సుమారు 15 నుంచి 20 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఉంటే చల్లదనం తయారవుతోందని అర్థం. అప్పుడు లోపం డక్టుల్లోనో, తలుపు సందుల్లోనో, మధ్యాహ్నం ఎండ కొట్టే కిటికీలోనో వెతకాలి. తేడా బాగా తక్కువుంటే ముందు ఫిల్టర్ తీసి చూడండి.

ఫిల్టర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో అది ఇతరుల ఇళ్ల కంటే తొందరగా పాడవుతుంది. పోపు, పూరీలు, సర్వపిండి, చేపల ఫ్రై, వీటన్నిటి నూనె పొగ ఎక్కడికి పోతుంది? చాలా ఇళ్లలో స్టవ్ మీది ఫ్యాన్ పొగను బయటికి పంపదు, జాలీలోంచి తిప్పి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఆ జిడ్డు ఫిల్టర్ మీద పట్టి, దానికి దుమ్ము అంటుకుని అట్ట కడుతుంది. అంగుళం మందం ఫిల్టర్ మూడు నెలలు వస్తుందని డబ్బా మీద రాసినా, వేసవిలో మనవాళ్లు నెలనెలా మార్చుకోవడం మంచిది. కొలత ఫిల్టర్ అంచు మీదే ఉంటుంది, 20x25x1 అన్నట్టు. బాణం గుర్తు యూనిట్ వైపు చూడాలి. ఫిల్టర్ ఎంత సన్నటి దుమ్మును పడుతుందో చెప్పే అంకెను మెర్వ్ అంటారు. మంచిది కదా అని మెర్వ్ 13 కొనుక్కొస్తారు. అంగుళం మందంలో అంత చిక్కటిది పెడితే గాలి ఆడక ఏసీ ఇబ్బంది పడొచ్చు, మెర్వ్ 8 చాలు. ఇల్లు కొన్నప్పుడు ఒకే ఫిల్టర్ చూపించి ఉంటారు. హాల్లో, మేడమీద, యాటిక్‌లో ఇంకోటి ఉందేమో వెతకండి.

అమ్మానాన్నలు వచ్చిన ఆరు నెలల్లో ఇంకో వింత జరుగుతుంది. గాలి నేరుగా తలకు కొడుతోందని అమ్మ తన గది వెంట్‌కు పేపర్ అంటిస్తుంది. ఎవరూ లేని గదికి ఏసీ దండగ అని నాయిన మిగతా గదుల వెంట్లు మూసేస్తాడు. ఇద్దరి ఉద్దేశమూ మంచిదే. కానీ లోపలి కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీదుగా పోవాల్సిన గాలి తగ్గితే అది మరీ చల్లబడి దాని మీద మంచు కడుతుంది. మంచు కట్టిన కాయిల్ గుండా గాలి అసలే ఆడదు. రాగి గొట్టం మీద తెల్లగా మంచు కనిపిస్తే కూలింగ్ ఆపేసి, ఫ్యాన్ మాత్రం ఆన్‌లో పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. కత్తితో, స్క్రూడ్రైవర్‌తో గీకకండి, కాయిల్‌కు చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. మంచు కరిగాక ఫిల్టర్ మార్చి, వెంట్లన్నీ తెరిచి చూడండి. మళ్లీ మంచు కడితే అప్పుడు గ్యాస్ మీద అనుమానపడటంలో న్యాయం ఉంది.

నీళ్ల బాధ టెక్సస్‌లో ఎక్కువ. కాయిల్ మీద పట్టిన తేమ నీరై పీవీసీ గొట్టం గుండా బయటికి పోవాలి. ఆ గొట్టంలో పాచి పేరుకుంటే నీళ్లు కింది పళ్లెంలో నిలుస్తాయి. నిలిస్తే ఫ్లోట్ స్విచ్ ఏసీని ఆపేస్తుంది. అది చెడిపోవడం కాదు, మీ సీలింగ్‌ను కాపాడటం. ఇక్కడ ఒక ఉపాయం తెలుసుకుని ఉండండి. పళ్లెం నుంచి వచ్చే రెండో గొట్టాన్ని కావాలనే ఏదో ఒక కిటికీ పైన బయటికి తీస్తారు, నీళ్లు కారితే ఇంట్లోవాళ్ల కంట పడాలని. కిటికీ ముందు చుక్కలు పడుతుంటే వాన అనుకోకండి, అసలు గొట్టం మూసుకుపోయింది. బయటి కొస దగ్గర వెట్ వ్యాక్యూమ్ (నీళ్లు కూడా పీల్చే వ్యాక్యూమ్ క్లీనర్) పెట్టి లాగితే చాలాసార్లు పాచి ముద్ద బయటికొస్తుంది. వేసవిలో నెలకోసారి యూనిట్ దగ్గర గొట్టానికి ఉన్న మూత తీసి ఒక కప్పు వెనిగర్ పోయండి. యాటిక్ పని తెల్లవారుజామునే పెట్టుకోండి, మధ్యాహ్నం అక్కడ మనిషి నిలబడలేడు.

ఇక బయటి యూనిట్. లోపల గాలి వస్తూ, బయట చడీచప్పుడు లేకపోతే ముందు బ్రేకర్ చూడండి. పడిపోయి ఉంటే పూర్తిగా ఆఫ్ వైపు నొక్కి ఒక్కసారి ఆన్ వైపు తిప్పండి. మళ్లీ పడితే ఇంకోసారి వేయొద్దు, అది మెకానిక్ పని. ఏసీ ఆపిన వెంటనే మళ్లీ వేయకండి, ఐదు నిమిషాలు ఆగండి. కాటన్‌వుడ్ చెట్ల నుంచి రాలే దూది, కోసిన గడ్డి, డ్రయర్ గొట్టం నుంచి వచ్చే నూలుపోగులు కాయిల్‌ను కప్పేస్తే వేడి బయటికి పోదు. కరెంటు తీసేసి తోటపైపుతో మెల్లగా కడగాలి. ప్రెషర్ వాషర్ వద్దు, సన్నటి రేకులు వంగిపోతాయి.

బయటి ఫ్యాన్ తిరగకుండా హుం అని మూలుగుతుంటే చాలావరకు మోటారుకు ఊపునిచ్చే కెపాసిటర్ పోయినట్టు. టెక్సస్ ఎండకు ఎక్కువగా పోయేది అదే. దాని ధర పెద్దదేమీ కాదు కాబట్టి యూట్యూబ్ చూసి మనవాళ్లు చాలామంది స్వయంగా మార్చుకుంటారు. నేను మాత్రం వద్దనే చెబుతాను. అక్కడ ఉండేది 240 వోల్టులు, పైగా కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉంటుంది. కర్రపుల్లతో ఫ్యాన్‌ను తోసి తిప్పే వీడియోలు కూడా ఉన్నాయి, వాటి జోలికి అసలే పోవద్దు. థర్మోస్టాట్ ఆఫ్ చేసి ఫోన్ చేయండి. ఇంకో తమాషా, ఇక్కడి ఎర్రచీమలకు కరెంటు పెట్టెలంటే ఇష్టం. బయటి యూనిట్‌కు కరెంటు కలిపే కాంటాక్టర్ అనే స్విచ్‌లో దూరి చచ్చి అడ్డం పడతాయి. మెకానిక్ 'చీమలు' అంటే నవ్వకండి, నిజమే చెబుతున్నాడు.

ఇవన్నీ చూశాక కూడా చల్లబడకపోతే మెకానిక్‌ను పిలవండి. అతను గ్యాస్ అన్నాడనుకోండి, అడగాల్సింది ఒకటే: లీకు ఎక్కడుంది? లీకు చూపించకుండా నింపితే వచ్చే వేసవికి మళ్లీ అదే బిల్లు. గ్యాస్ పని చేయడానికి ఈపీఏ (అమెరికా పర్యావరణ శాఖ) 608 సర్టిఫికెట్ ఉండాలి, మనం కొని పోసుకునే వీలు లేదు. టెక్సస్‌లో ఏసీ కాంట్రాక్టర్ లైసెన్సు నంబరు టీఏసీఎల్‌ఏ లేదా టీఏసీఎల్‌బీ అని మొదలవుతుంది. అది బండి మీద, బిల్లు మీద ఉండాలి, రాష్ట్ర లైసెన్సు శాఖ సైట్లో సరిచూసుకోవచ్చు. పాత ఇల్లు కొన్నవాళ్లు యూనిట్ మీద పేరుపలక చదవండి. ఆర్-22 అని ఉంటే, ఆ గ్యాస్ తయారీ, దిగుమతి అమెరికాలో 2020 నుంచి ఆగిపోయాయి. దాని మీద డబ్బు పోయడం కంటే కొత్త యూనిట్ గురించి ఆలోచించడం నయం. ఆర్-410ఏ ఉంటే కంగారు లేదు. 2025 నుంచి ఆ గ్యాస్‌తో కొత్త యూనిట్లు తయారు కావట్లేదు గానీ రిపేరుకు గ్యాస్ దొరుకుతుంది. కొత్తది పెట్టించేటప్పుడు పెద్ద టన్నేజీ మోజులో పడకండి. అవసరానికి మించిన ఏసీ ఇంటిని గబుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, తేమ అలాగే ఉండిపోయి ఇల్లు జిగటగా అనిపిస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్లకు ఈ బాధలేవీ లేవు. మెయింటెనెన్స్‌కు ఫోన్ చేసి ఊరుకోకుండా రాతపూర్వకంగా పెట్టండి. అద్దె మాత్రం బాకీ పెట్టొద్దు. రిపేరు చేయించమని టెక్సస్ చట్టం ఇచ్చే రక్షణ అద్దె సమయానికి కట్టినవాళ్లకే.

"ఇక్కడ కూలర్ దొరకదా అన్నా?" అని కూడా అడుగుతారు. నల్గొండ ఏప్రిల్ ఎండ పొడి ఎండ, తడి గడ్డి మీదుగా వచ్చే గాలి హాయిగా ఉంటుంది. హ్యూస్టన్‌లో గాలే తడి, కూలర్ పెడితే గది ఉక్కపోతతో నిండుతుంది. ఫీనిక్స్‌కు పోయినవాళ్లు జూన్‌లో ప్రయత్నించొచ్చు.

రెండో రకం ఫోన్లు మే నెలలో వస్తాయి. ఏసీ చెడింది ఇక్కడ కాదు, మిర్యాలగూడలోనో కల్వకుర్తిలోనో అమ్మానాన్నల గదిలో. బయట 45 డిగ్రీలు, ఇక్కడి నుంచి వీడియో కాల్‌లో వైద్యం. ముందు రిమోట్‌ను కెమెరా ముందు పెట్టమనండి. మోడ్ బటన్ నొక్కుకుని డ్రైలోనో ఫ్యాన్‌లోనో పడి ఉంటుంది, మంచు పువ్వు గుర్తు రావాలి. తర్వాత మూత తీసి జాలీలు కడిగించండి, వేసవిలో రెండు వారాలకోసారి. గదిలో గోడ మీద నీళ్లు కారుతుంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉంటుంది, లేదా యూనిట్ ఒక పక్కకు వంగి ఉంటుంది. గ్యాస్‌కు దానికి సాధారణంగా సంబంధం లేదు.

మిర్యాలగూడ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. రైస్ మిల్లుల దగ్గర ఇల్లుంటే ఊక దుమ్ము బయటి యూనిట్ వెనక పొరలా పట్టేస్తుంది. ఇక్కడ కాటన్‌వుడ్ చేసే పనే అక్కడ ఊక చేస్తుంది. సీజన్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి మెకానిక్‌తో కడిగించండి. డాబా మీద యూనిట్ ఉంటే కోతులు గొట్టం మీది నల్ల తొడుగు పీకేస్తాయి, అది మళ్లీ చుట్టించాలి. ఎండ పడకుండా పైన రేకు వేయిస్తే మంచిదే, కానీ ఫ్యాన్ ముందు, వెనక జాగా వదలాలి. సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్లలో పాత ఏసీ కంప్రెసర్ ఎత్తుకోలేక ఆగిపోతుంటుంది. చూసేవాళ్లకు అది కూడా గ్యాస్ లాగే కనిపిస్తుంది. స్టెబిలైజర్ మీది అంకె చదవమంటే తెలిసిపోతుంది.

మెకానిక్ వచ్చి "గ్యాస్ కొట్టాలె సార్" అంటే ఫోన్ అతనికి ఇప్పించి మర్యాదగా నాలుగు మాటలు అడగండి. ఎన్ని ఆంపియర్లు లాగుతోంది? గొట్టాలు కలిసే చోట, ఫ్లేర్ నట్ దగ్గర, లీకు కోసం సబ్బు నురగ పెట్టి చూశావా అన్నా? నింపేముందు వ్యాక్యూమ్ చేసి గొట్టాల్లో గాలి, తేమ తీసేస్తావా? ఎన్ని గ్రాములు నింపుతావు? ఆర్-32 అయినా ఆర్-290 అయినా ఎంత నింపాలో యూనిట్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది, తూకం వేసే నింపాలి. ఆర్-290 మండే గ్యాస్, అది లోపల ఉండగా మంటతో వెల్డింగ్ చేయనివ్వొద్దు. ఈ ప్రశ్నలు విన్నాక కొందరు జాలీ కడిగి, కాయిల్ కడిగి, సర్వీసు డబ్బులు మాత్రమే తీసుకుని పోతారు.

అన్నీ బాగుండి కూడా గది చల్లబడటం లేదంటే, అసలు ఏసీ వేస్తున్నారా అని చెల్లెను గుట్టుగా కనుక్కోండి. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ఆ జీరో పోతుందని నాయిన పది నిమిషాలు వేసి ఆపేస్తుంటాడు. "బిల్లు నేను కడుతా" అంటే వినరు, లెక్క చెబితే వింటారు. స్టార్ లేబుల్ మీద 1600 గంటలకు ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. దాన్ని 1600తో భాగిస్తే గంటకు సుమారు ఎంతో వస్తుంది. అసలు ఎండలకు ఇంకాస్త కలుపుకుని రాత్రి ఎనిమిది గంటలకు లెక్కేయండి. 800 యూనిట్లని రాసి ఉన్న ఏసీకి రాత్రికి నాలుగైదు యూనిట్లు. ఫ్రిజ్, ఫ్యాన్లు, బోరు మోటారు కలిపి 200 దాటుతుందో లేదో మీటరు చూసి నాయినే చెబుతాడు.