మడ్డి మీది బీరు, మూడు గ్లాసుల లెక్క

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

పోర్ట్‌లాండ్‌లో ఇంటి గ్యారేజీలో బీరు కాయడం మొదలుపెట్టానని రాశావు. పులిసిన బీరును అడుగున చేరిన ఈస్టు మడ్డి మీద వారానికి మించి ఉంచకూడదని ఒకరు, నెల రోజులున్నా ఏమీ కాదని మరొకరు చెబుతుంటే ఎవరి మాట వినాలని అడిగావు. ఇద్దరి మాటా పక్కన పెట్టి నువ్వే పరీక్షించి చూడు. 1978 నాటి చట్టం పుణ్యమా అని అమెరికాలో మీకు సొంత వాడకానికి ఆ వెసులుబాటు ఉంది. ఇక్కడ నేను అదే పని చేస్తే ఎక్సైజు వాళ్లు గుమ్మంలో ఉంటారు కనుక, ఉద్యోగ విరమణ తరువాత నా ప్రయోగాలన్నీ తరవాణి కుండకే పరిమితమయ్యాయి.

బీరు కర్మాగారం ల్యాబులో పనిచేసినవాణ్ణి కనుక వారానికి మించకూడదన్న ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పగలను. కర్మాగారంలోని ఎత్తైన ట్యాంకుల్లో పైనున్న ద్రవం బరువంతా అడుగున ఉన్న ఈస్టు మీద పడుతుంది, ఆ మడ్డిలో వేడి కూడా నిలిచిపోతుంది, అందువల్ల ఈస్టు కణాలు త్వరగా చచ్చి, చితికి, బీరుకు మాంసపు రసం లాంటి వాసన పట్టిస్తాయి. నీ 20 లీటర్ల బకెట్టులో అంత లోతూ లేదు, అంత బరువూ లేదు. పెద్దలు చెప్పింది అబద్ధం కాదు గానీ, అది నీ బకెట్టును చూసి చెప్పిన మాట కాదు.

పరీక్షకు ఒకే కాపు చాలు. కాచి చల్లార్చిన 20 లీటర్ల వర్టును, అంటే మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నానబెట్టి తీసిన తియ్యటి రసాన్ని, రెండు పాత్రల్లో సమంగా పోసి, 11 గ్రాముల ఈస్టు ప్యాకెట్టును తూచి సగం సగం వేసి, రెంటినీ ఒకే మూల పక్కపక్కన పెట్టు. వారం తరువాత ఒకదాన్ని మడ్డి లేకుండా వేరే పాత్రలోకి మార్చు, రెండోదాన్ని కదపకు. మిగతావన్నీ, అంటే సీసాలు నింపే రోజు, గ్యాసు పుట్టడానికి సీసాల్లో వేసే చక్కెర, సీసాలు ఉంచే చోటు, రెంటికీ ఒకటే కావాలి. నాలుక కంటే ముందు హైడ్రోమీటరును, అంటే ద్రవం సాంద్రతను చూపే తేలే గొట్టాన్ని, అడుగు. గ్యాసు బుడగలు దానికి అంటుకుంటే అంకె ఎక్కువ చూపిస్తుంది కనుక నమూనాను బాగా గిలకొట్టి, నురగ తగ్గాకే చూడు. మాల్టును నానబెట్టే వేడినో, మరిగించే సమయాన్నో పరీక్షించాలంటే మాత్రం ఇలా పంచడం కుదరదు. ఒకే బస్తా మాల్టుతో రెండు కాపులు కాయక తప్పదు.

అసలు చిక్కు రుచి చూడటంలో ఉంది. ఒక్కొక్కరికి మూడేసి గ్లాసులు ఇవ్వు: రెంటిలో ఒకే పాత్ర బీరు, మూడోదానిలో రెండో పాత్రది. వేరుగా ఉన్నది ఏదో చెప్పమను, అంతే. ఏది బాగుందని ముందే అడగకు. పోసే పని అమ్మాయికి అప్పగించి, ఏ గ్లాసులో ఏముందో తెలియకుండా నువ్వు అందించు. ఎవరికి ఏ వరుసలో అందాలో చీట్లు వేసి నిర్ణయించండి. రంగు కనబడని స్టీలు గ్లాసులు వాడు, దీపం తగ్గించు. ఒకసారి మా ల్యాబులో ఈస్టు మార్చి ఈ పరీక్షే పెడితే దాదాపు అందరూ సరిగ్గా చెప్పారు. నేను మురిసిపోయాను. తీరా చూస్తే ఒక సీసా అడుగు కదిలి ఆ బీరు మసకబారింది. వాళ్లు రుచి చూడలేదు, మసక చూశారు.

గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరి మాట నిజమవుతుంది. 12 మందిలో నలుగురు సరిగ్గా చెప్పడంలో విశేషం లేదు. కనీసం 8 మంది చెబితేనే తేడా ఉందని నమ్ము. 24 మందికైతే 13 కావాలి. 12 మందిలో ఆరుగురే చెప్పారనుకో, తేడా లేదని తేలినట్టు కాదు, నీ పరీక్షకు అందలేదని మాత్రమే అర్థం. కొద్దిపాటి నమూనాలను ఎంతవరకు నమ్మవచ్చో 1908లో లెక్కగట్టి, ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ప్రచురించిన గోసెట్ కూడా డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారం ఉద్యోగే.

మా అమ్మ పాత కుండలో అయితేనే తరవాణి పులుస్తుందనేది. ఒకే గంజిని పాత కుండలోనూ కొత్త కుండలోనూ పోసి, రెంటిలోనూ గ్లాసెడు పాత తరవాణి కలిపితే రెండూ మర్నాటికే పులిశాయి. పాత తరవాణి కలపని మూడో కుండ మాత్రం వెనకబడింది. అమ్మ ఒప్పుకుందా అంటే, లేదు.

శుభ్రతను మాత్రం పరీక్షకు పెట్టకు. సీసాల్లో లీటరుకు 6, 7 గ్రాములు దాటి చక్కెర వేసి చూడాలనీ, పులియడం ముగియకముందే మూత బిగించాలనీ అనుకోకు. సీసా పేలితే గాజు పెంకులు ముఖానికే తగులుతాయి.

నాలుగు వారాల తరువాత హైడ్రోమీటరు అంకెలు, ఎవరు ఏ గ్లాసు తీశారన్న కాగితం నాకు పంపు. రుచి చూసే రోజు 12 మంది దొరక్కపోతే మిగిలిన సీసాలు ఫ్రిజ్‌లో పెట్టి, ఆ మరుసటి వారం ఇంకొందరిని పిలువు.

ఆశీస్సులతో,
మీ మావయ్య