పండక్కి ఊరెళ్తే ఇల్లు ఎలా?

ప్రశ్న: సంక్రాంతికి ఐదు రోజులు ఊరెళ్తున్నాం, మాది గుంటూరు, గ్రౌండ్ ఫ్లోర్. పక్కవీధిలో పోయినేడు తాళం పగలగొట్టారు. సీసీ కెమెరా పెట్టించమంటారా?

జవాబు: పెట్టించండమ్మా, కానీ ముందు మీ తలుపు గడియ చూస్కోండి. చాలా ఇళ్ళల్లో తాళం పెద్దదే ఉంటుంది, గడియకి కొట్టిన స్క్రూలు మాత్రం పొట్టివి, రాడ్డు పెట్టి ఒక్క లాగు లాగితే గడియ మొత్తం ఊడొస్తుంది, తాళం మాత్రం చెక్కుచెదరకుండా దానికే వేలాడుతుంది! పొడుగు స్క్రూలు వేయించి, ఇంటర్‌లాక్ (తలుపులోనే ఇమిడి ఉండే తాళం) పెట్టించండి, బయట తాళం కప్ప కనపడితే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. పాలు, పేపరు ఆపేయండి. ఇంకోటి, పండగ రోజుల్లో వీధంతా ముగ్గులుండి మీ గుమ్మం ఒక్కటే బోసిగా ఉంటే ఇట్టే తెలిసిపోతుంది, పనమ్మాయికి చెప్పి రోజూ ముగ్గేయించండి. బంగారం బ్యాంకు లాకర్లో పెట్టేయండి, బియ్యం డబ్బాలో దాచడం దొంగలకీ తెలుసు. ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అని ఫ్రీ సర్వీసుంది, మీ స్టేషన్లో అడిగితే తాళమేసిన ఇంట్లో కెమెరా పెడతారు, లోపల ఎవరైనా కదిల్తే పోలీసులకి అలర్ట్ వెళ్తుంది. వాట్సాప్ స్టేటస్‌లో ఊరి ఫొటోలంటారా, తిరిగొచ్చాక పెట్టుకోండి.